నర్సరీలో చేర్చే ముందు: దిద్దించే బడా, ఆడించే బడా?

సంక్రాంతి అయ్యీ కాకుండానే స్కూళ్ల ముందు 'అడ్మిషన్లు జరుగుచున్నవి' బ్యానర్లు కట్టేస్తారు. అప్పట్నుంచి జూన్‌లో బడులు తెరిచేదాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. "అక్కా, బాబుకి జూన్‌కి మూడేళ్లు నిండుతాయి. మా సందు చివర కాన్వెంటులో వెయ్యమంటావా, లేకపోతే బైపాస్ దగ్గర కొత్తగా పెట్టిన మాంటిస్సోరిలో వెయ్యమంటావా? అక్కడ ఏడాదంతా పెన్సిలే పట్టించరట. మా అత్తయ్య ససేమిరా అంటున్నారు."

నేను విజయవాడలో ఒకటో తరగతి టీచర్ని. 19 ఏళ్లుగా ఇదే తరగతి. రెండు రకాల బడుల నుంచీ వచ్చిన పిల్లలు ప్రతి జూన్‌లోనూ నా ముందు పక్కపక్కన కూర్చుంటారు. అందుకని నా జవాబు ముందే చెప్పేస్తాను. రెండు బడులూ బాగా నడుస్తున్నాయనుకుంటే, మూడు నుంచి అయిదేళ్ల బిడ్డకు ఆడించే బడే మేలు. అయితే ఆ 'బాగా నడవడం' దగ్గరే పేచీ వస్తుంది. పేరుకు ఆట బడి అయి, లోపల పిల్లల్ని పట్టించుకునే మనిషి లేకపోతే, దానికన్నా ఓపికున్న టీచరమ్మ నడిపే మామూలు పలక బడి ఎంతో నయం. బోర్డు చదివి ఫీజు కట్టకండి. లోపల ఏం చూడాలో, ఏ ఇంటికి ఏది నప్పుతుందో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

రెండు చోట్లా పొద్దున ఎలా గడుస్తుంది

దిద్దించే బడి మనందరికీ తెలిసిందే. ప్రేయరు, తర్వాత బెంచీల మీద వరసగా కూర్చోవడం, నలభై నిమిషాలకో గంట. టీచరు బోర్డు మీద రాసి చూపిస్తే క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. నోట్సులో పై గీత మీద టీచరు రాసిస్తే కింద పేజీ అంతా పిల్లలు దింపాలి. సాయంత్రం డైరీలో హోంవర్కు, మూడు నెలలకోసారి పరీక్ష, ప్రోగ్రెస్ కార్డు. బిడ్డ ఏం నేర్చాడో రోజూ కాగితం మీద కనబడుతుంది. తల్లిదండ్రులకు అదొక ధైర్యం, దాన్ని నేను తక్కువ చేయను.

ఆడించే బడుల్లో మాత్రం అన్నీ ఒక తాను ముక్కలు కావు. 'ప్రోగ్రెసివ్' అని ఒకే మాట వాడేస్తాం గానీ వాటి మధ్య తేడాలు పెద్దవి.

మాంటిస్సోరి బడికి వెళ్తే మొదట ఆశ్చర్యపోయేది అక్కడి నిశ్శబ్దానికి. ఆట బడి అంటే గోలగా ఉంటుందనుకుని వెళ్తాం కదా. నేను చూసిన ఒక గదిలో నాలుగేళ్ల పాప చిన్న చాప తెచ్చి పరుచుకుంది. రెండు గాజు జగ్గులున్న ట్రే తెచ్చి ముందు పెట్టుకుంది. ఒక జగ్గులో సగానికి నీళ్లు. ఆ నీళ్లు రెండో దాంట్లోకి వంచింది, మళ్లీ ఇందులోకి. నాలుగో సారి ట్రేలో ఒలికాయి. టీచరు వైపు చూడనైనా చూడలేదు. లేచి వెళ్లి స్పాంజి తెచ్చి, తుడిచి, పిండి, ఆరేసి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. పావుగంట పైనే పట్టింది. ఆ పావుగంటలో మణికట్టు తిరగడం, కన్నూ చెయ్యీ కలిసి పని చేయడం, తప్పు చేస్తే తనే సరిదిద్దుకోవడం నేర్చుకుంది. ఇవి ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ రాయరు. ఈ పద్ధతిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. మధ్యలో గంట కొట్టకుండా రెండున్నర, మూడు గంటలు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. వస్తువు ఒక్కొక్కటే ఉంటుంది కాబట్టి ఇంకొకరు అయ్యేదాకా ఆగాలి, తీసినది తీసిన చోటే పెట్టాలి. క్రమశిక్షణ మామూలు బడిలోకన్నా ఎక్కువే, అరుపులు మాత్రం ఉండవు.

వాల్డార్ఫ్ బడులు వేరే దారి. రుడాల్ఫ్ స్టైనర్ 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. కథలు, పాటలు, మట్టి, చెక్క బొమ్మలు, తోటపని, వంట. ఏడేళ్లు వచ్చేదాకా అక్షరాలు నేర్పాలన్న తొందరే ఉండదు. హైదరాబాద్‌లో ఇలాంటి బడులున్నాయి. బాల్యాన్ని ఇంత ప్రేమగా చూసే బడి తక్కువ. కానీ ఒక్క హెచ్చరిక. తర్వాత కూడా అక్కడే చదివించే ఉద్దేశం ఉంటేనే చేర్చండి. అయిదేళ్లు నిండగానే తీసి మామూలు సీబీఎస్‌ఈ బడిలో వేద్దామనుకుంటే బిడ్డ నలిగిపోతుంది. అలా వచ్చిన పిల్లల్ని ఇద్దర్ని చూశాను. తెలివైన పిల్లలే, మొదటి నాలుగు నెలలు మాత్రం తమకేమీ రాదని నమ్మేశారు.

మూడో రకం ప్లే స్కూళ్లు. మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నవి ఇవే. నెలకో అంశం పెట్టుకుని, ఈ నెల కూరగాయలు, వచ్చే నెల వాహనాలు అని, ఆ చుట్టూ పాటలు, రంగులు, ఆటలు నడిపిస్తారు, మధ్యలో కొంచెం రాయిస్తారు. మంచివీ ఉన్నాయి, రంగు గోడలు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. వీటి గురించి పద్ధతిని బట్టి ఏమీ చెప్పలేం, వెళ్లి చూడాల్సిందే.

పాతది అంటే ఎంత పాతది

మా అత్తగారి తరం వాళ్లు "మన పాత పద్ధతిలో దిద్దిస్తేనే చదువు వస్తుంది" అంటారు. ఆ మాటలో నిజం ఉంది, అయితే ఇప్పుడు కాన్వెంటులో జరిగేది ఆ పాత పద్ధతి కాదు.

మన వీధిబడుల్లో బిడ్డ మొదట చేసిన పని ఇసుకలో వేలితో అక్షరం దిద్దడం. 1823లో బళ్లారి జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. అప్పటి బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులే ఎక్కువ, అన్నీ కలిపి 533 బడులని లెక్క రాశాడు. పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటారనీ, ఐరోపాలోలాగా ముందు నోటితో వల్లించరనీ ప్రత్యేకంగా చెప్పాడు. ఇవాళ్టికీ బాసరలో అక్షరాభ్యాసం చేయించినా, ఇంట్లో పంతులుగారితో చేయించినా, బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలోనే కదా రాయిస్తాం. ఆ మర్నాడే ఆ వేలికి పెన్సిలు ఇచ్చి నాలుగు గీతల కాపీ ముందు పెడతాం.

అటు మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో తన మొదటి బడి తెరిచింది. ఆమె డాక్టరు. అక్షరాల ఆకారాలను గరుకు కాగితంతో కత్తిరించి అట్టల మీద అంటించి, పిల్లలతో వేలితో తడిమించేది, తడుముతూ ఆ అక్షరం శబ్దం పలికించేది. 1939లో అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే మద్రాసు వచ్చింది, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి వెయ్యి మందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. గరుకు అట్ట మీద వేలు కదలడానికీ మన ఇసుక మీద వేలు కదలడానికీ నాకైతే తేడా కనబడదు. కాబట్టి అత్తగారు పాత పద్ధతి కావాలంటే, ఆమె అడుగుతున్నదానికి దగ్గరగా ఉన్నది నిజానికి ఆ రెండో బడే. ఇంట్లో ఈ మాట చెప్పి చూడండి. నా స్నేహితురాళ్ల ఇళ్లల్లో రెండు చోట్ల గొడవ సర్దుకుంది.

మూడేళ్ల చెయ్యి

ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి. ఏ బడి ఎంచుకున్నా ఇది తెలిసి ఉండాలి.

చేతి వేళ్లు ఒక వరసలో సిద్ధమవుతాయి. చూసి గుండ్రంగా గీయడం మూడేళ్లకు వస్తుంది. కూడిక గుర్తులా అడ్డం నిలువు గీతలు గీయడం నాలుగేళ్లకు. చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం అయిదేళ్లకు. కొందరు కొంచెం ముందు, కొందరు కొంచెం వెనక. ఇప్పుడు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు గుర్తు తెచ్చుకోండి. ఏ, కె, ఎం, ఎన్, వి, డబ్ల్యు, ఎక్స్, జెడ్, అన్నీ ఏటవాలు గీతలే. త్రిభుజం గీయలేని చేతికి 'ఏ' రాయడం అంటే ఎంత కష్టమో ఆలోచించండి. అదే మన తెలుగు అక్షరాలు చాలావరకు గుండ్రాలు. సున్న పెట్టడం వచ్చిన బిడ్డకు సున్న మీద తలకట్టు పెడితే 'ర' వచ్చేస్తుంది, మధ్యలో చుక్క పెడితే 'ఠ'. ఆకారాల వరసలో నేర్పితే తెలుగు రాత ఇంగ్లీషు రాత కన్నా ముందే చేతికి ఎక్కాలి. కానీ చాలా చోట్ల మొదటి అక్షరమని 'అ'తో మొదలుపెడతారు. అది మెలికల అక్షరం. పైగా ఇంగ్లీషు ముందు, తెలుగు తర్వాత.

మా అబ్బాయిని మూడున్నరేళ్లకు మంచి పేరున్న ఒక బడిలో వేశాం. మూడో నెలకల్లా ఒకటి నుంచి యాభై వరకు రోజూ హోంవర్కు. పెన్సిలు వేళ్ల చివర పట్టుకోవడం రాక గుప్పెట్లో బిగించి పట్టేవాడు. ఎంత నొక్కేవాడంటే బొటనవేలి గోరు తెల్లబడిపోయేది, '8' దగ్గర కాగితం చిరిగేది. నేనే టీచర్ని అయ్యుండి, పక్కన కూర్చుని వాడి చెయ్యి నా చేతిలో పెట్టుకుని పేజీ పూర్తి చేయించేదాన్ని, డైరీలో ఎర్ర గీత పడకూడదని. ఒకటో తరగతికి వచ్చేసరికి రాత అంటేనే వాడికి అసహ్యం పుట్టింది. ఆ అసహ్యం పోగొట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ బడి తప్పు సగం, నా తప్పు సగం. అందుకే ఫోన్ చేసిన ప్రతి తల్లికీ ముందు ఈ చెయ్యి సంగతే చెబుతాను.

ఒకటో తరగతిలో నాకు కనబడేది

జూన్‌లో దిద్దించే బడి నుంచి వచ్చిన పిల్లలు చక్కగా కూర్చుంటారు. నోట్సు తెరిచి తేదీ వేస్తారు. ఏ నుంచి జెడ్ వరకు గడగడా అప్పజెబుతారు, వంద దాకా అంకెలు రాస్తారు. "ఎం తర్వాత ఏమొస్తుంది నాన్నా?" అని అడిగితే మాత్రం మళ్లీ ఏ దగ్గర్నుంచి పాడుకుంటూ వస్తారు. వంద దాకా రాసిన పిల్లాణ్ణి డబ్బాలోంచి ఏడు సుద్దముక్కలు తెమ్మంటే గుప్పెడు తెచ్చి నా చేతిలో పోస్తాడు. అందరూ అలా ఉంటారని కాదు, ఏటా నలుగురైదుగురు ఉంటారు.

ఆట బడి పిల్లలు ఏడంటే ఏడే తెస్తారు. టిఫిన్ డబ్బా మూత వాళ్లే తీసుకుంటారు, చెప్పుల బకిలు వాళ్లే పెట్టుకుంటారు, "టీచర్, ఎందుకు?" అంటారు. కానీ బోర్డు మీద అయిదు వాక్యాలు రాస్తే రెండు దింపేసరికి గంట కొట్టేస్తారు. ఇద్దరు ముగ్గురు పాఠం మధ్యలో లేచి తిరుగుతారు. నా తరగతిలో 38 మంది ఉన్నప్పుడు అది చిన్న ఇబ్బంది కాదు.

దసరా సెలవుల తర్వాత రాత వేగం దాదాపు సమానమవుతుంది. సంక్రాంతి నాటికి నోట్సులు చూసి ఎవరు ఏ బడి నుంచి వచ్చారో నేను చెప్పలేను. ఒక్క చోట మాత్రం ఏడాది చివరిదాకా తేడా కనబడుతుంది. రాని లెక్క ముందు పెడితే, కొందరు ఏదో ఒకటి చేసి చూస్తారు, కొందరు పెన్సిలు కింద పెట్టి నా మొహం చూస్తూ కూర్చుంటారు. తప్పయితే ఏమవుతుందోనన్న బెదురు ఆ రెండో వాళ్లకు ఎక్కడో అంటుకుని ఉంటుంది.

ఇందులో అంతా బడి ఘనతే అనుకోకండి. ఫీజు ఎక్కువున్న బడిలో చేర్చగలిగిన ఇళ్లల్లో పుస్తకాలూ ఎక్కువే ఉంటాయి, కూర్చోబెట్టి కథ చెప్పే తీరికా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ తేడాను విడదీసి చూడాలంటే లాటరీ తీసి పిల్లల్ని పంపాలి. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో సరిగ్గా అలాంటి అవకాశం దొరికింది. ప్రభుత్వ మాంటిస్సోరి బడుల్లో సీట్లు లాటరీలో ఇచ్చారు. సీటు వచ్చినవాళ్లూ రానివాళ్లూ కలిపి 141 మందిని మూడేళ్లు గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. సీటు వచ్చిన పిల్లలు చదువులో ముందున్నారు. పేద ఇళ్ల పిల్లలకూ ఉన్న ఇళ్ల పిల్లలకూ మధ్య ఉండే దూరం కూడా అక్కడ తగ్గుతూ వచ్చింది.

దీనికన్నా పాత పరిశీలన ఒకటి అమెరికాలోనే మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 1967లో మొదలైంది. 68 మంది పేద పిల్లల్ని మూడు రకాల బడుల్లో వేసి, 23 ఏళ్లు వచ్చేదాకా చూశారు. మొదట్లో తెలివితేటల పరీక్షల్లో మూడు బడుల పిల్లలూ సమానమే. పెద్దయ్యాక, చిన్నప్పుడు నూరిపోసే పద్ధతిలో చదివినవాళ్లలో మానసిక ఇబ్బందులు, పోలీసు గొడవలు ఎక్కువ కనిపించాయి. 68 అంటే చిన్న లెక్క, దాన్ని పట్టుకుని భయపడక్కర్లేదు. మరో వైపు టెనెసీ రాష్ట్రంలో దాదాపు 3,000 మంది పిల్లల్ని గమనించి 2022లో చెప్పిన సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. ప్రభుత్వ ప్రీ స్కూలుకు వెళ్లిన పిల్లలు, సీటు దొరక్క వెళ్లనివాళ్ల కన్నా ఆరో తరగతికి వచ్చేసరికి వెనకే ఉన్నారు. బడికి పంపడమే మేలని గుడ్డిగా అనుకోవడానికి లేదు. బిడ్డ అక్కడ ఆ మూడు గంటలూ ఏం చేస్తున్నాడో చూడాలి.

మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా పెట్టి, ఆటపాటలతోనే నేర్పాలంది. 2022లో దానికి పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది, 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, కార్డులు, కథలతో 'జాదుయీ పిటారా' పేరుతో సామగ్రి వచ్చింది. అంటే ఆట బడి ఇప్పుడు ఎవరో ఊహాజీవుల కోరిక కాదు, ప్రభుత్వం ఒప్పుకున్న మాట. క్లాసు గదిలోకి అది ఇంకా నడిచి రావాలి.

ఏ ఇంటికి ఏది

మీ బిడ్డ ఒకటో తరగతి ఎక్కడ చదవాలో ఇప్పటికే నిర్ణయించుకుని ఉంటే, ముందు ఆ బడికి వెళ్లి ఏం ఆశిస్తారో అడగండి. ఒకటో తరగతి ప్రవేశానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. అయినా 'ఇంటరాక్షన్' అనే పేరుతో రాయించి చూసేవాళ్లున్నారు. అలాంటి బడే కావాలనుకుంటే, ఆట బడిలో రెండేళ్లు ఉంచి, చివరి ఏడాది రాత మీద కూడా శ్రద్ధ పెట్టే చోట ఉంచడం మధ్యే మార్గం. వయసు సంగతీ చూసుకోండి. కేంద్రీయ విద్యాలయాల్లో 2022 నుంచి ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. తొందరపడి రెండున్నరకే నర్సరీలో వేస్తే చివర్లో ఒక ఏడాది మిగిలిపోతుంది.

కొంతమంది పిల్లలకు తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలిస్తేనే మనసు కుదుటపడుతుంది. కొత్త చోటు, ఎన్నో వస్తువులు, నీ ఇష్టం అంటే బెదిరిపోతారు. వాళ్లకు రోజూ ఒకే వరసలో నడిచే చిన్న బడి, ఒకే టీచరు, ఒకే బెంచీ హాయిగా ఉంటుంది. మా మేనకోడలు అలాంటిదే. ఇంటి పక్క చిన్న కాన్వెంటులో ఒక పెద్ద వయసు టీచరమ్మ దగ్గర పలక మీద దిద్దింది. ఆవిడ రోజుకు ఒక్క అక్షరం ఇచ్చేది, వచ్చేదాకా రెండోది ఇచ్చేది కాదు, ఎవరినీ పోల్చేది కాదు. ఆ పిల్లను అక్కడినుంచి తీసి ఆట బడిలో వెయ్యమని నేను ఎప్పుడూ అనలేదు.

దూరం కూడా లెక్కే. పదిమంది పిల్లల్ని కుక్కిన ఆటోలో ముప్పావు గంట వెళ్లి గొప్ప బడిలో చదవడం కన్నా, నడిచి వెళ్లే దూరంలో ఒక మోస్తరు బడి మేలు. ఫీజు విషయంలో ఒక్క మాట. ఆట బడికి కట్టే అదనపు డబ్బు ఇంట్లో ఒకరు రోజూ రెండు గంటలు ఎక్కువ పని చేస్తే గానీ రాదనుకోండి, ఆ రెండు గంటలు ఇంట్లో బిడ్డతో గడపడమే ఎక్కువ చదువు నేర్పుతుంది.

అంగన్‌వాడీని లెక్కలోంచి తీసేయకండి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన పథకం అది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఆటపాటలతో నేర్పడం, తెలుగులో మాట్లాడడం, మధ్యాహ్నం అన్నం, గుడ్డు. టీచరు చురుకైన మనిషి అయితే అది అసలైన ఆట బడి. టీచరుకు ఆ చురుకు లేకపోతే పిల్లలు అన్నం తిని పడుకుని వస్తారు, అంతే. మీ వాడలో ఎలా ఉందో ఒక్క పూట వెళ్లి కూర్చుంటే తెలిసిపోతుంది.

ఇక భాష. ఈ ఒక్క తప్పు రెండు రకాల బడులూ చేస్తాయి. ఇంట్లో తెలుగు తప్ప వినని మూడేళ్ల బిడ్డను, తెలుగులో మాట్లాడితే ఊరుకోని చోట కూర్చోబెడితే, "దాహం" అనే మాట కూడా నోరు దాటదు. నీళ్లు అడగలేక, బాత్రూముకి వెళ్తానని చెప్పలేక బట్టలు తడుపుకున్న పిల్లల్ని చూశాను. టీచరు బిడ్డతో తెలుగులో మాట్లాడుతూ, ఇంగ్లీషు పాటలు, మాటలు నెమ్మదిగా కలుపుతుందా అని అడగండి. జవాబు "మా క్యాంపస్‌లో ఓన్లీ ఇంగ్లీష్ అండీ" అని గర్వంగా వస్తే, మిగతావన్నీ ఎంత బాగున్నా నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు

ఆఫీసు గదిలో కూర్చోబెట్టి వీడియో చూపించి పంపేసే బడికి దణ్ణం పెట్టి వచ్చేయండి. క్లాసు నడుస్తుండగా గంటసేపు ఒక మూల కూర్చుంటామని అడగండి. లోపలికి రానివ్వకపోతే కిటికీ దగ్గరైనా నిలబడనివ్వమనండి.

కూర్చున్నాక గోడలు చూడండి. ముప్పై మంది ఆపిల్ బొమ్మలూ ఒకేలా, గీత దాటకుండా ఎర్రగా ఉంటే అవి టీచరు వేసినవో, చెయ్యి పట్టి వేయించినవో. వస్తువులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? బొమ్మలు కొత్తగా మెరుస్తుంటే సంతోషపడకండి. వాడే బొమ్మలకు అంచులు అరుగుతాయి. తర్వాత టీచరు గొంతు వినండి, మాటల కన్నా గొంతు. ఎవరో ఒకరు ఏడవకుండా గంట గడవదు, అప్పుడు ఎవరు దగ్గరకు వెళ్తారు, ఏం చేస్తారు చూడండి. "బ్యాడ్ బాయ్" అంటారా, ఎత్తుకుంటారా, పట్టించుకోరా? నాకు మాత్రం ఈ ఒక్కటి చూస్తే చాలు, సగం నిర్ణయం అయిపోతుంది.

బాత్రూము చూడకుండా రాకండి. తలుపు ఎత్తు, నీళ్లు, ఆయా ఎక్కడ ఉంటుందో. 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, మూడేళ్లు నిండని బిడ్డను చేర్చుకోకూడదని ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలున్నాయి. తలలు లెక్కపెట్టుకోండి.

మాంటిస్సోరి అన్న పేరుకు హక్కుదారులెవరూ లేరు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కోస్తా జిల్లాల్లో ఆ పేరుతో ఉన్న మామూలు కాన్వెంట్లు ఎన్నో. రెండు ప్రశ్నలతో తేలిపోతుంది. మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారా? పిల్లలు సొంతంగా పని చేసుకునే సమయం గంట కొట్టకుండా ఎంతసేపు ఉంటుంది? నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ వేరువేరు గదుల్లో, నలభై నిమిషాల పీరియడ్లతో ఉంటే ఆ పేరు ఫీజు కోసం పెట్టిందే. టీచరు ఎక్కడ, ఎంత కాలం శిక్షణ తీసుకుందో కూడా అడగండి. నిజంగా నేర్చుకున్న మనిషి ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతుంది.

దిద్దించే బడి అయితే అడగాల్సినవి వేరు. నర్సరీలో రోజుకు ఎన్ని పేజీలు రాయిస్తారు, హోంవర్కు చేయకపోతే ఏం చేస్తారు, ర్యాంకులు ఇస్తారా. "మొదటి ఏడాది పలక మీదే, రాత చాలా తక్కువ, ర్యాంకులు లేవు" అన్నారంటే ఆ బడి మీద నాకు నమ్మకం కలుగుతుంది.

చేర్చాక

దిద్దించే బడిలోనే చేర్చాల్సి వచ్చిందనుకోండి, దిగులు పడకండి. చేతికి కావాల్సిన పని ఇంట్లోనే ఉంది. చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, బఠాణీలు ఒలిపించండి, చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకమనండి. అమ్మమ్మ మల్లెపూలు కడుతుంటే పక్కన కూర్చుని మూడేసి పూలు లెక్కపెట్టి అందించనివ్వండి. వాకిట్లో చుక్కలు పెట్టి కలపమనండి. రాత హోంవర్కు రోజుకు పది నిమిషాలు మించితే డైరీలో మర్యాదగా రాయండి: "బాబు అలిసిపోయాడు, సగం చేయించాను." ఇలా రాసిన తల్లుల్ని టీచర్లు నిజానికి గౌరవిస్తారు. నేను అలా రాయలేకపోయాను కాబట్టి చెబుతున్నాను.

ఆట బడిలో వేసినవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి. పొద్దున ఆట బడికి పంపి, సాయంత్రం భయం పట్టుకుని ట్యూషన్‌లో వేసి కాపీలు రాయిస్తారు. బిడ్డకు రెండు బడుల అలసట. పక్కింటి పిల్లాడు వంద దాకా రాస్తున్నాడని మీ పాపను కూర్చోబెట్టకండి. రాత్రి పడుకునే ముందు ఒక కథ చదివి వినిపించండి, తెలుగులో, అదే కథ పదిసార్లయినా సరే.

మొదటి రెండు మూడు వారాలు గేటు దగ్గర ఏడుపు ఎక్కడైనా ఉంటుంది. దానికి చలించిపోకండి. కానీ ఆరు వారాలు దాటాక కూడా పొద్దున్నే కడుపునొప్పి అంటున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఆదివారం సాయంత్రం నుంచే "రేపు బడి ఉందా?" అని మొహం వేలాడేసినా, ఒకసారి చెప్పకుండా బడికి వెళ్లి చూడండి. మనసుకు నచ్చకపోతే మానిపించండి. నడి సంవత్సరంలో బడి మారినందుకు ఒకటో తరగతిలో వెనకబడిన బిడ్డను ఈ 19 ఏళ్లలో నేను చూడలేదు. అందుకే, ఏడాది ఫీజు ఒక్కసారే కడితే పదిశాతం తగ్గిస్తామన్నా ఆశపడకుండా, మొదటి టర్ముకి మాత్రమే కట్టి రశీదు తీసుకోండి.